సుడో కొడితే సరిపోతుందా?

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు వచ్చాడు. "అన్నా, ఉబుంటులో ఆండ్రాయిడ్ ఫోన్ పెడితే ఏడీబీ 'నో పర్మిషన్స్' అంటోంది, ఏం చెయ్యాలి?" నేను నోరు తెరిచేలోపే పక్క సీట్లోంచి జవాబు: "సుడో పెట్టి కొట్టు, అయిపోద్ది."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే మూడేళ్ళ క్రితం అదే సలహా నేనూ ఇచ్చాను. ఆ సుడో మెల్లగా బిల్డ్ స్క్రిప్టులోకి చేరింది. ఫోన్లోంచి లాగిన ఫైళ్ళు ఫోల్డర్లతో సహా రూట్ పేరు మీద పడ్డాయి. వాటిని చెరిపే హక్కు బిల్డ్ యూజరుకి లేదు. రిలీజు ముందు రోజు రాత్రి బిల్డ్ ఆగింది. ఆ రాత్రి కాఫీలు తాగింది నేనే :)

అసలు విషయం చిన్నది. ఫోన్ గుచ్చగానే లినక్సు దానికో డివైస్ ఫైలు పుట్టిస్తుంది. దాంట్లో రాసే హక్కు మామూలుగా రూట్‌కే. అంతే ఎర్రర్! ఛ్‌మోడ్ చేస్తారా? కేబుల్ పీకి మళ్ళీ పెడితే కొత్త ఫైలు, కథ మొదటికే. సుడో కొడతారా? ఏడీబీ సర్వర్ ముందే మీ పేరు మీద నడుస్తుంటే అదే ఎర్రర్ వస్తుంది. దాన్ని చంపి రూట్‌గా లేపితే, ఫోన్‌కి చూపించే కీ మారిపోయి 'అన్‌ఆథరైజ్డ్' అంటుంది. ఒక రోగానికి రెండు రోగాలు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

సరైన మందు యూడెవ్ రూలు. ఉబుంటు, డెబియన్‌లలో 'ఆండ్రాయిడ్-ఎస్‌డీకే-ప్లాట్‌ఫామ్-టూల్స్-కామన్' ప్యాకేజీ వేస్తే రూళ్ళు అవే వస్తాయి. మీ ఫోన్ అందులో లేకపోతే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టి వెండర్ ఐడీ చూడండి (గూగుల్‌ది 18డీ1). ఆ ఐడీకి ప్లగ్‌డెవ్ గ్రూపు, 0660 మోడ్ ఇస్తూ ఒక్క లైను రాయండి. రూళ్ళు రీలోడ్ చేసి ఫోన్ పీకి పెట్టండి. ఆ గ్రూపులో మీరు లేకపోతే చేరి, ఒకసారి లాగౌట్ అవండి.

"డెడ్‌లైన్ ఉంది బాసూ, ఇవన్నీ ఎవడు చూస్తాడు?" అంటారు. ఐదు నిమిషాల పని, అదీ ఒక్కసారే. ఎర్రర్ పాపం నిజమే చెబుతోంది: నీకు హక్కు లేదు, అడిగి తీసుకో అని. మనం దాని నోరు నొక్కి "ఫిక్స్ చేశా" అని చెప్పుకుంటున్నాం. పైగా అదే జూనియర్లకి నేర్పుతున్నాం. రేపు వాళ్ళు ప్రొడక్షన్ సర్వర్ మీద 777 కొడితే తిట్టే హక్కు మనకెక్కడిది?

ఆ కుర్రాడి చేతే రూలు రాయించాను. ఆ స్క్రిప్టులో నా సుడో కూడా పీకేశాను. మరి మీది?