రైతులు తక్కువైతే బలమెక్కువ

ఈ సంచిక సాగు రాజకీయాల మీద. జపాన్ జనాభాలో రైతులు కొద్దిమందే. అయినా అక్కడి ప్రభుత్వం దశాబ్దాలుగా బియ్యం ధర పడిపోకుండా కాపాడుతోంది. కోటా దాటి వచ్చే విదేశీ బియ్యంపై కిలోకు 341 యెన్ల సుంకం వేసింది. శ్రామికుల్లో దాదాపు సగం మంది సేద్యం మీదే బతికే మన దేశంలోనేమో 2023 జులైలో బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు, డిసెంబరులో ఉల్లి ఎగుమతిని. రైతుకు నాలుగు డబ్బులు మిగిలే వేళకు గేటు మూశారన్నమాట!

ఓట్ల లెక్కకిది తలకిందులు. చిన్న గుంపు ఇట్టే కూడుతుంది, పెద్దది చెదురుతుంది అని ఆర్థికవేత్త మాన్సర్ ఓల్సన్ 1965లోనే వివరించాడు. ఆఫ్రికాను చూసి రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ బేట్స్ 1981లో చెప్పింది ఇంకా సూటిగా ఉంటుంది: తిండి ధర పెరిగితే వీధికెక్కే నగరవాసులే పాలకులకు భయం. ఘనా కోకో రైతుకు ప్రపంచ ధరలో కొంతే దక్కింది, మిగతాది సర్కారు బోర్డు మింగింది. సంపన్న దేశపు కుటుంబానికి బియ్యం ఖర్చు చిల్లర. ఇక్కడ నెల బడ్జెట్‌లో తిండిదే పెద్ద వాటా. 1998లో ఢిల్లీ ప్రభుత్వాన్ని ఉల్లి ధరే ఓడించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరి మన రైతుకు దక్కిందేమిటి? 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత కరెంటు. ధర ఇవ్వడం కన్నా పాలకులకు ఇదే సులువైన బేరమని నా అనుమానం. లెక్కలు లోపలి పేజీల్లో.