పరిగె ఏరుకున్న కోడలు

నేను గుడికీ వెళ్లను, చర్చికీ వెళ్లను. అయినా షార్జాలో నా మంచం పక్కన తెలుగు బైబిలు ఒకటి ఉంటుంది. చూసిన స్నేహితులు "బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నావు?" అంటారు. భారతం చదివేవాణ్ణి ఎవరూ ఇలాంటి ప్రశ్న వేయరు.

మన హేతువాదులు రామాయణంతో పోట్లాడటానికైనా దాన్ని శ్రద్ధగా చదివారు. త్రిపురనేని 'శంబుక వధ' వెనకా, రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' వెనకా ఉన్నది ఆ చదువే. బైబిలుకు మాత్రం ఆ పోట్లాట కూడా అంతగా దక్కలేదు. 'వాళ్ల పుస్తకం' అని పక్కన పెట్టేశాం. జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మనకు మాత్రం 'గబ్బిలం' ఒక్కటే గుర్తు.

ఆదికాండం నుంచి మొదలుపెడితే వంశావళుల దగ్గరే అలసిపోతారు. రూతు కథ తీయండి. నాలుగే అధ్యాయాలు. బేత్లెహేము అంటే హీబ్రూలో రొట్టెల ఇల్లు. కరువొచ్చింది ఆ ఊళ్లోనే. నయోమి భర్తతో, ఇద్దరు కొడుకులతో మోయాబుకు వలసపోయింది. అక్కడ భర్త పోయాడు. కొడుకులు అక్కడి పిల్లల్నే చేసుకున్నారు, పదేళ్లు తిరిగేసరికి వాళ్లూ పోయారు. తిరిగొచ్చిన ముసలిదాన్ని ఊరి ఆడవాళ్లు గుర్తుపడితే, ఆ పేరుతో పిలవొద్దంటుంది. నయోమి అంటే ఇంపైనది. ఇకమీదట మారా అనమంటుంది, అంటే చేదు. జగిత్యాల బస్టాండులో దిగే దుబాయ్ సూట్‌కేసుల వెనక ఆ చేదు నాకు తెలుసు.

కోడలు రూతు ఆమె వెంటే వచ్చింది. పరాయి దేశపు విధవరాలు, బార్లీ కోతల్లో చేలో రాలి మిగిలిన వెన్నులు, అంటే పరిగె, ఏరుకొచ్చి అత్తకు పెట్టింది. పరిగె! తెలుగు బైబిల్లో ఉన్న మాటే. మా నాయనమ్మ తర్వాత నాకు మళ్లీ అక్కడే కనిపించింది. వరికోత మిషన్లొచ్చాక ఊళ్లో ఆ మాటకు పని లేదు. చేను అంచుల దాకా కోయకుండా పేదలకూ పరదేశులకూ వదలాలన్నది అప్పటి ధర్మశాస్త్రం. దయ కాదు, హక్కు. ఈ కథలో దేవుడు ఒక్కసారీ నేరుగా మాట్లాడడు. మాట్లాడేవాళ్లంతా మనుషులే. నమ్మనివాడికి ఇంకేం కావాలి?

ఎమిరేట్స్‌లో ఉన్నవాడికి బైబిలు చదివితే ఇంకో లాభముంది. అన్నలు అమ్మేసిన యోసేపు ఇక్కడ యూసుఫ్. ఖురాన్ 12వ సూరా ఆయన పేరు మీదే ఉంది. ఆఫీసులో పక్క సీటు సిరియా మిత్రుడికి ఆ కథ చెప్పబోతే సగంలో తనే అందుకున్నాడు. యజమాని భార్య పట్టి లాగిన వస్త్రం బైబిల్లో ఆమె నిందకు సాక్ష్యమై యోసేపును జైలుకు పంపుతుంది. ఖురాన్‌లో అదే వస్త్రం వెనకవైపు చిరిగి ఉండటంతో తప్పు ఆయనది కాదని తేలుతుంది. ఆ ఒక్క చొక్కా మీద మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నాం.

అబూధాబీ సాదియాత్ దీవిలో 2023లో మసీదు, చర్చి, యూదుల ప్రార్థనాలయం ఒకే ఆవరణలో తెరిచారు. మనవాళ్లు వెళ్లి ఫోటోలు దిగి వస్తున్నారు. ఈసారి రూతు కథ చదివి వెళ్లండి. అరగంట చాలు. షార్జా నుంచి దుబాయ్ వెళ్లే ట్రాఫిక్‌లో రోజూ అంతకన్నా ఎక్కువే పోతోంది.

— ఎడారి బాటసారి