చంటిబిడ్డకు ఊలు మేజోళ్లు అల్లుతున్నారా?

చలికాలం వచ్చిందంటే చాలు, అటక మీది ఊలు ఉండలూ సూదులూ కిందికి దిగుతాయి. కూతురికో కోడలికో నెలలు నిండుతున్నాయంటే ఇక చెప్పనక్కరలేదు. కుచ్చు టోపీ, చేతి తొడుగులు, మేజోళ్లు, మెడ దగ్గర రిబ్బను కట్టే బుల్లి స్వెట్టరు, అన్నీ ఇంట్లోనే తయారు. బజారులో నూరు రకాలు దొరుకుతున్నా అమ్మమ్మ చేత్తో అల్లినదాని ముచ్చట వేరు. ఈ వారం ఆ అల్లికల గురించి కొంచెం చెప్పదలచాను. మానెయ్యమని చెప్పడానికి కాదు లెండి.

చాలా ఏళ్ల కిందట, ఒక చిన్న ఊరి ప్రభుత్వాసుపత్రిలో నేను కొత్తగా పని చేస్తున్న రోజుల్లో, మూడు నెలల పసిబిడ్డను తీసుకువచ్చారు. ముందురోజు రాత్రినుంచీ ఒకటే ఏడుపు. పాలు పట్టడం లేదు. జ్వరం లేదు, విరేచనం మామూలుగానే ఉంది. నేను చెవులు చూశాను, గొంతు చూశాను, పొట్ట నొక్కి చూశాను. ఏమీ కనిపించలేదు. పొట్టలో గాలి చేరి ఉంటుందని చుక్కల మందు రాసి చీటీ చేతికిచ్చాను. బయట సిస్టరు బిడ్డను తూకం వేయడానికి బట్టలూ తొడుగులూ తీసింది. తీసి, "డాక్టరుగారూ, ఒకసారి ఇలా రండి!" అని కేకవేసింది.

ఎడమచేతి మధ్యవేలు చివర రేగుపండులా ఉబ్బి, ఊదారంగుకు తిరిగి ఉంది. వేలి మధ్యన ఉంగరం పెట్టినట్టు లోతుగా గాడి. ఆ గాడిలో ఒక సన్నని దారప్పోగు. చేతి తొడుగు లోపల ముడి వెయ్యకుండా వదిలేసిన పోగు, బిడ్డ చెయ్యి ఆడించినప్పుడల్లా వేలికి చుట్టుకుని బిగిసిపోయింది. భూతద్దం పెట్టుకుని, సన్న కత్తెర మొనతో దాన్ని తెంపి తీసేసరికి నా చొక్కా తడిసిపోయింది. సాయంత్రానికి వేలికి రంగు తిరిగింది. వేలు దక్కింది. ఇంకొక పూట ఆలస్యమైతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ఇష్టం లేదు. తొడుగు తియ్యకుండా బిడ్డను పరీక్ష చేసినవాణ్ణి నేనే. అప్పటినుంచీ, ఏడుపు ఆపని బిడ్డ వస్తే ఒంటిమీద నూలుపోగు లేకుండా తీసి, ఇరవై వేళ్లూ లెక్కపెట్టి చూడందే మందు చీటీ రాయలేదు.

ఇది అరుదైన సంగతే. కాని తెలియకపోతే వేలు పోయే ప్రమాదం ఉన్న సంగతి. చేతివేళ్లకు ఎక్కువగా తొడుగుల దారం చుట్టుకుంటుంది. కాలివేళ్లకు తల్లి తలవెంట్రుక చుట్టుకుంటుంది. కాన్పయిన కొద్ది నెలలకు చాలామంది తల్లులకు జుట్టు విపరీతంగా ఊడుతుంది. ఆ వెంట్రుకలు ఉతుకులో మేజోళ్ల లోపల చేరతాయి. తడి వెంట్రుక సాగుతుంది, ఆరేకొద్దీ బిగుస్తుంది. మొదట వేలినుంచి వెనక్కి పోయే రక్తం ఆగి వాపు వస్తుంది. వాపు వల్ల పోగు మరింత బిగిసి, చివరకు వేలికి రక్తం అందడమే ఆగిపోతుంది.

కాబట్టి అమ్మలూ, అమ్మమ్మలూ, అల్లడం అయిపోగానే పని అయిపోయిందనుకోకండి. మేజోడును తిరగేసి లోపలివైపు చూడండి. రంగు మార్చినచోట వదిలిన పోగుల్ని సూదితో అల్లిక లోపలికి దోపి, మిగిలింది కత్తిరించండి. సందులు మరీ పెద్దవిగా ఉండే పూల అల్లిక చంటిపిల్లల చేతులకూ కాళ్లకూ వద్దు, వేలు అందులో దూరి చిక్కుకుంటుంది. ఉతికిన ప్రతిసారీ తిరగేసి చూసి తొడగండి. నన్నడిగితే చేతి తొడుగులే అక్కరలేదు. గీరుకుంటుందని భయమైతే గోళ్లు తీయండి, చాలు. టోపీకి పూసలూ గుండీలూ కుట్టకండి. మూడేళ్లలోపు పిల్లలకు చేతికందినదల్లా నోట్లోకే, గొంతుకు అడ్డం పడితే ఆసుపత్రికి చేరే వ్యవధి ఉండదు. మెడకు కట్టే రిబ్బన్లు తీసేసి భుజం మీద బట్టతో చేసిన కాజా పెట్టండి.

టోపీ సంగతి ఒక్కమాట. పుట్టిన కొత్తల్లో, ముఖ్యంగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు టోపీ అవసరమే, తలనుంచి వేడి చాలా పోతుంది. కాని బెజవాడ ఎండల్లో నాలుగు నెలల బిడ్డకు ఊలు టోపీ పెట్టి పడుకోబెట్టడం ఏ శాస్త్రంలోనూ లేదు.

పోగు చుట్టుకున్నట్టు అనుమానం వస్తే? కొస కనిపిస్తూ సులువుగా విప్పడానికి వస్తే విప్పండి. వచ్చినా సరే డాక్టరుకు చూపించండి, రెండో పోగు వాపులో కూరుకుపోయి ఉండవచ్చు. రాకపోతే బ్లేడుతో ప్రయత్నాలు చెయ్యవద్దు. నూనె రాసి పొద్దున్నదాకా చూద్దామనుకోవద్దు. వెంటనే బయలుదేరండి.

ఆ బిడ్డ అమ్మమ్మ ఏడాది తర్వాత తన కోసం వచ్చింది. రాత్రిపూట కుడిచెయ్యి మొద్దుబారి మెలకువ వస్తోందట. లేచి చెయ్యి విదిలించుకుంటే కాసేపటికి తగ్గుతుందట. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరి, చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటుందట. "ఏళ్ల తరబడి అల్లానుగా బాబుగారూ, ఆ పాపమే ఇది" అంది. "ఇప్పుడూ అల్లుతున్నావా అమ్మా?" అన్నాను. "అల్లడమా! పిల్లదానికి అలా అయిన రోజే సూదులు అటకెక్కించాను. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు" అంది.

ఏడాదిగా అల్లని చేతికి అల్లిక వల్ల కొత్తగా జబ్బు ఎలా వస్తుంది? మణికట్టు దగ్గర ఎముకలకూ గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంది. వేళ్లను ముడిచే తొమ్మిది నరంపట్టెలూ, మీడియన్ అనే నరమూ అందులోంచే పోవాలి. లోపల కొంచెం వాపు వచ్చినా నరం నలుగుతుంది. దీన్ని కార్పల్ టనల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు వంచి గంటల తరబడి చేసే పని దీన్ని పెంచుతుంది, నిజమే. కాని థైరాయిడ్ తక్కువగా ఉన్నా, మధుమేహం ఉన్నా, కీళ్లవాతం ఉన్నా, గర్భంతో ఉన్నా ఇది రావచ్చు. ఆమె ముఖం ఉబ్బి ఉంది, గొంతు బొంగురుపోయింది, ఒళ్లు బరువెక్కింది. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తక్కువని తేలింది. మాత్రలు మొదలుపెట్టి, రాత్రిళ్లు మణికట్టు తిన్నగా ఉండేటట్టు బద్ద కట్టించాము. కొద్ది నెలల్లో తిమ్మిరి పోయింది. అప్పుడు నేనే చెప్పాను, సూదులు దింపమ్మా అని. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆ ఒక్క సంఘటననే నెమరేసుకునే మనిషికి చేతినిండా పని కావాలి. అది ఏ మాత్రలోనూ దొరకదు.

ఈ తిమ్మిరిని అశ్రద్ధ చెయ్యకండి. చేతిలోని వస్తువులు జారిపోవడం, బొటనవేలి మొదట్లో కండ తగ్గి పల్లమవడం కనిపిస్తే చాలా ఆలస్యమైనట్టు. ఆపరేషన్ చేసినా పోయిన కండ పూర్తిగా రాకపోవచ్చు. బొటనవేలి వైపు మణికట్టు నొప్పి వేరు. అది పసిబిడ్డలను పదే పదే ఎత్తుకునే తల్లులకూ వస్తుంది, విశ్రాంతితో చాలామందికి తగ్గుతుంది.

సరదాగా అల్లేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, నొప్పి పుడితే ఆపవచ్చు. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లకు ఆ వీలు లేదు. వాళ్ల క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కాని అల్లినదాన్ని బట్టి కూలి కట్టించుకునే మనిషితో అరగంటకోసారి చెయ్యి ఆపమంటే ఆవిడ నవ్వుతుంది. మీరు మాత్రం ఆపండి. అరగంట అయ్యాక లేచి, వేళ్లు చాచి, మెడ అటూ ఇటూ తిప్పి, ఇంట్లో ఒక చుట్టు తిరగండి. మోచేతుల కింద దిండు పెట్టుకోండి. మెడ వంచి పనిని చూడకండి, పనినే పైకి తెచ్చుకోండి. నలభై దాటి దారం ఎక్కించడానికి సూదిని దూరంగా పట్టుకుంటున్నారంటే అది చత్వారం, అద్దాలు తెచ్చుకోండి. నల్ల ఊలు రాత్రిపూట పట్టుకోకండి.

ఇక సూదులు. కూర్చునేముందు ఎన్ని ఉన్నాయో, లేచేముందు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి. ఒకటి తగ్గితే నేల మీద అయస్కాంతం ఆడించండి. ఇంట్లో మధుమేహం వల్ల అరికాళ్లు మొద్దుబారినవారుంటే ఇది మరీ ముఖ్యం, గుచ్చుకున్నా వారికి తెలియదు. సూది గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడగండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే వేయించుకోండి. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో టి.టి. స్థానంలో టి.డి. ఇస్తున్నారు, కంఠసర్పికి కూడా పనిచేస్తుంది. సూది విరిగి ముక్క లోపల ఉండిపోతే పిన్నీసుతో కెలకకండి, ఆ కాలు నేల మీద పెట్టి నడవకండి. ముందు ఎక్స్‌రే తీయించాలి. విరిగిన రెండో ముక్కను పారెయ్యకుండా కాగితంలో చుట్టి వెంట తీసుకురండి. లోపల ఉండిపోయిన ముక్క ఎంత పొడవో మాకు దానివల్ల తెలుస్తుంది.