అధ్యాపకుని తొలినాళ్లు

విశ్వవిద్యాలయంలో అధ్యాపకునిగా చేరడానికి పట్టాలు కావాలి. అధ్యాపకునిగా నిలవడానికి మంచి అలవాట్లు కావాలి. పరిశోధనలో ఆరితేరినవారు సైతం తొలి సంవత్సరంలో తరగతి గదిలో తడబడుతుంటారు. దానికి కారణం విద్య కొరవడడం కాదు. ఉన్న విద్యనంతటినీ ఒక్క గంటలో కుమ్మరించాలనే ఆరాటం.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ బోయిస్ కొత్త అధ్యాపకులను ఏళ్ల తరబడి పరిశీలించి, 2000లో ఒక గ్రంథం వెలువరించాడు. పాఠం కోసం హద్దు మీరి శ్రమించేవారికన్నా, ప్రతిదినం కొంత చదివి, కొంత రాసి, వేళకు విరమించేవారే త్వరగా రాణిస్తారన్నది అందలి సారాంశం. గోదావరి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. అదనుకు అందిన తడి పైరును పెంచుతుంది. ముంచెత్తిన వరద కుళ్లబెడుతుంది.

రెండవ అలవాటు విద్యార్థిని ఎరగడం. 1909 నుండి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆంగ్లేయుడు. అయినా దామెర్ల రామారావులోని చిత్రకారుణ్ణి ఆదిలోనే గుర్తించి ప్రోత్సహించాడు. అడివి బాపిరాజు కళాభిరుచికి దోహదం చేశాడు. కేవలం పాఠం చెప్పి వెళ్లిపోయి ఉంటే ఆయన పేరు గోదావరి తీరాన నిలిచేది కాదు.

మూడవది చెప్పినదానిని ఆచరించడం. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్ రఘుపతి వేంకటరత్నం నాయుడు ఇందుకు నిదర్శనం. ఆయన నడవడియే దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి శిష్యులకు పాఠమైంది.

2006లో రాజమండ్రి కేంద్రంగా ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తమ కుటుంబంలో తొలిసారిగా కళాశాల గడప తొక్కిన పల్లె బిడ్డలెందరో నేడు ఉన్నత విద్యకు వస్తున్నారు. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి ఆంగ్ల ఉపన్యాసం బోధపడక వెనుక బల్లపై మౌనం వహిస్తే, దానిని క్రమశిక్షణగా పొరబడరాదు. అధ్యాపకుడు పాఠం మధ్యలో ఆగాలి. ప్రశ్నించే ధైర్యం కల్పించాలి. తనకు తెలియనిదానిని ఒప్పుకొని, మరునాడు తెలుసుకొని రావాలి. లేనిచో ఆ విద్యార్థి చదువు మధ్యలోనే ఆగిపోవచ్చు.

పదోన్నతికి లెక్కకు వచ్చేవి పరిశోధనా పత్రాలే కదా అని కొందరంటారు. అది కొంతవరకు నిజమే. కాని నిత్యం కొద్దిసేపు రాసే అలవాటు ఉన్నవారికి పరిశోధన బోధనకు అడ్డు రాదు. పత్రాల సంఖ్య అధ్యాపకునికి పదవిని తెచ్చిపెట్టవచ్చు. గౌరవాన్ని తెచ్చేది మాత్రం అతని చేతిలో ఎదిగిన విద్యార్థులే.