చమురు కఱవు వచ్చునాడు పొగ యెవరి వంతు?

నర్సీపట్నమునకు రైలు లేదు. "నర్సీపట్నము రోడ్డు" అను పేరితో మదరాసు-కలకత్తా మార్గమున నొక స్టేషను గలదు గాని, అది ఊరికి దూరమై పేరునకు మాత్రమే మనదిగా నున్నది. ఈ పట్టణమునకు వచ్చు బియ్యపు బస్తా, మందు సీసా, బడిపిల్లల పుస్తకము సమస్తమును రోడ్డు మీదనే రావలయును. చింతపల్లి కొండలనుండి కాఫీయు, పసుపును, కూరగాయలును జీపులమీదను ఆటోలమీదను దిగవలయును. కావున చమురు కొఱత యనునది మనకు దూరదేశపు వార్త గాదు. అయినను "చమురు ఒకనాటికి తఱుగును, ఇప్పుడే సిద్ధపడుదము" అని యెవరైన ననినచో మన విద్యావంతులు రెండు తెఱగుల నవ్వుచున్నారు. "భూమిలో నింకను కావలసినంత యున్నది, క్రొత్త బావులు త్రవ్వెదరు" అని కొందఱు. "మన తాతలు చమురు లేకయే బ్రదుకలేదా?" అని మఱికొందఱు. ఈ రెండు మాటలును సోమరితనమునకు బుట్టిన కవలలు.

మొదటివారికి సమాధానము చెప్పుటకు అరబ్బుదేశమువఱకు పోనక్కఱలేదు. కాకినాడ కెదుటి సముద్రములో, కృష్ణా గోదావరి బేసినున డి-6 అను బ్లాకులో 2002లో సహజవాయువు కనుగొనబడెను. 2009 ఏప్రిలున ఉత్పత్తి ఆరంభమై, మఱుసటి యేటికే దినమునకు 6 కోట్ల ఘనపు మీటర్ల వఱకు పొంగెను. ఇంకను 8 కోట్లకు పోవునని లెక్కలు గట్టిరి. ఆ లెక్కలు నమ్మి, ఋణములు తెచ్చి, గోదావరి జిల్లాలలో విద్యుత్కేంద్రములకు పునాదులు వేసిరి. ఆ పొంగు మూడేండ్లయినను నిలువలేదు. 2013 మార్చినాటికి విద్యుత్కేంద్రములకు ఆ బ్లాకు గ్యాసు బొత్తిగా ఆగిపోయెను. 2012-13లో ఉమ్మడి రాష్ట్రమంతట కరెంటు కోతలు, పరిశ్రమలకు బలవంతపు సెలవులు మనలో పలువురకు జ్ఞాపకమే. సామర్లకోటయొద్ద తలపెట్టిన పెద్ద కేంద్రమునకు గ్యాసు అందనేలేదు. దాని యంత్రములలో కొంతభాగము తుదకు బంగ్లాదేశమునకు తరలిపోయెను. సముద్రగర్భమున ఒత్తిడి తగ్గి నీరు చొచ్చినదని కంపెనీవారును, బావులు తక్కువ త్రవ్వితిరని ప్రభుత్వమువారును తగవులాడిరి. 2020 డిసెంబరు మొదలు మఱింత లోతైన బావులవలన ఉత్పత్తి మరల పెరిగిన మాట నిజమే. పెరిగి తొలి పొంగులో సగము దగ్గఱ నిలిచినది.

"అయినను 2024 జనవరిలో ఇదే సముద్రమున చమురు పడినది గదా" యందురు. పడినది, సంతోషము. ఆ క్షేత్రమునుండి దినమునకు 45,000 పీపాల వఱకు ఆశించిరి. మన దేశము దినమునకు వాడుచున్నది 50 లక్షల పీపాలకు పైమాట. నూటికి ఒకపాలయినను గాని దానిని జూచి చంకలు గొట్టుకొనవచ్చునా? మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి విదేశములనుండియే వచ్చుచున్నది. విశాఖపట్టణమున నేలలోపల గుహ తొలిచి 13.3 లక్షల టన్నుల చమురు దాచు ఏర్పాటు చేసిరి. మంగుళూరు, పాదూరు గుహలను గూడ గలిపి మూడింటిని నిండించినను, దేశమునకది పదిదినముల గ్రాసమయినను గాదు.

రెండవవారి మాట తియ్యనిది, కావుననే మఱింత యపాయకరము. 1942 మార్చిలో జపానువారు రంగూను పట్టుకొనిరి. మఱుసటి నెలలో బర్మా చమురు బావులను వెనుదిరుగుచున్న బ్రిటిషువారే ధ్వంసము చేసిరి. అంతవఱకు మన లాంతర్లలో వెలిగిన కిరసనాయిలులో పెద్దభాగము బర్మానుండియే వచ్చెడిది. అది ఆగినంతనే కిరసనాయిలునకు రేషను వచ్చెను. పెట్రోలు లేక బస్సులకు వెనుక బొగ్గుకొలిమి తగిలించి, దానిని రాజేసి నడపిరి. ఆ బొగ్గు యెచ్చటినుండి వచ్చెను? అడవినుండి. నాటి జనసంఖ్యకే అడవి చాలక మూల్గినది. నేడు నర్సీపట్నము మొదలు సీలేరు వఱకు నున్న కొండలను ఒక్క వేసవిలో కాల్చివేయుదుమా?

తాతలు చమురు లేకయే బ్రదికిరి, సరే. అవ్వలెట్లు బ్రదికిరి? ఈ ప్రశ్న ఎవరును అడుగరు. పచ్చికట్టె రాజుకొనక, గొట్టముతో నూది యూది, కన్నులు మండుచు, దగ్గుచు వండిరి. కట్టెపొగ ఊపిరితిత్తులను చెఱచునని నేడు వైద్యులందఱును చెప్పుచున్నారు. ఆ పొగనుండి ఇల్లాలిని తప్పించుటకే 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల, 2024లో ఏటికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చినవి. నేను వీనిని నిందింపను. కాని ఆ సిలిండరులోని గ్యాసు సగమునకు మించి ఓడలమీద వచ్చునదని యెన్ని యిండ్లలో తెలియును? ఓడ ఆగినను, ధర పెరిగినను ఇంటిలో మొదట జరుగు పొదుపు ఏది? యజమానుని మోటారుసైకిలు ఆగదు. నెలకు వచ్చు సిలిండరు నెలన్నర రావలెనని మాత్రము వంటయింటికి ఉత్తరువు వచ్చును. నీళ్లు కాచుట మొదట కట్టెలకు మాఱును, తరువాత అన్నము మాఱును. కొండ గూడెములలోనైతే ఆడపిల్ల బడి మాని మోపు నెత్తికెత్తుకొనును. సిద్ధపడని కఱవు అందఱిమీదను సమముగా పడదు.

సిద్ధపడుట యనగా వెనుకకు నడచుట గాదు. అనకాపల్లి ప్రాంతపు బెల్లపు పెనమును చూడుడు. చెఱకు ఆడగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి, దానితోనే రసమును కాచెదరు. ఆ పొయ్యికి ఏ ఓడయు రానక్కఱలేదు. వ్యర్థమును ఇంధనముగా చేసికొను నీ బుద్ధి మన రైతునకు ఏ పండితుడును నేర్పలేదు. పశువులున్న యింట పేడ గ్యాసు తొట్టియు, మెట్టపొలమున సూర్యరశ్మితో నడచు పంపును ఈ జాతివే. కరెంటు పొయ్యి మంచిదే. మన కరెంటులో అధికభాగము బొగ్గునుండియే వచ్చుచున్నదనియు, సీలేరు జలవిద్యుత్తునకు తావిచ్చిన మన్యములోనే కొన్ని గూడెములు చిరకాలము చీకటిలో నుండెననియు మఱువక దానిని వాడవలెను.

బస్సు మాట వేఱుగ చెప్పవలెను. 2025 ఆగస్టు 15నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. "బస్సులు క్రిక్కిఱిసినవి" అని విసుగుకొను పెద్దమనుష్యులు బస్సులు పెంచుడని యేల యడుగరు? ఏబదిమంది ఏబది మోటారుసైకిళ్లమీద అనకాపల్లి పోవుటకును, ఒక బస్సులో పోవుటకును పెట్రోలు లెక్క చిన్నపిల్లలైనను కట్టగలరు. మన పురపాలక సంఘమువారు బజారులో నడచువారికి అడుగు పెట్టు చోటు లేకుండ వాహనములకు తావిచ్చుచున్నారు. బడికి సైకిలుమీద పోవు బాలికకు క్షేమమైన దారి లేదు. ఆ దారికి చమురు అక్కఱలేదు, గట్టి నిర్ణయము చాలును.

ఇక ఇంటి సంగతి. పప్పు ముందుగా నానవేసినచో గ్యాసు మిగులునని ఇల్లాండ్రకు నేను చెప్పనేల? మగవారికే ఒకమాట చెప్పవలసియున్నది. వేళగాని వేళ నొక్కొక్కరు వచ్చి, ఒక్కొక్కరును వేడియన్నము కోరుట మానుడు. అందఱును ఒక్కసారి కూర్చుండి భుజింపుడు. ఈ నెల పెట్రోలునకైన వ్యయమును, గ్యాసునకైన వ్యయమును ఒక్క కాగితముమీద ప్రక్క ప్రక్కన వ్రాసి, ఇంటనున్న స్త్రీల యెదుట బిగ్గరగా చదువుడు. పొదుపు ఏ వరుసలో మొదలు పెట్టవలయునో ఆ కాగితము చూచి వారినే నిర్ణయింపనిండు.