స్టెప్నీ ఉంది సరే... సరిపోతుందా?

ఓమ్ని వ్యాన్ల తయారీని మారుతి 2019లో ఆపేసింది. అలాంటి పాత బండి కొని, సీట్లు తీసేసి పరుపూ స్టవ్వూ సర్దుకుని పిల్లలతో ఊళ్లు తిరగాలనుకుంటే ముందు చూడాల్సింది స్టెప్నీని. కావలసినవి వెతకడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ ఉండనే ఉంది.

అన్నట్టు, స్టెప్నీ అంటే వేల్స్‌లోని లనెల్లిలో ఓ వీధి పేరు! డేవిస్ సోదరులు 1904లో అక్కడ తయారుచేసిన అదనపు చక్రానికి ఆ పేరే పెట్టారు. దానికి నట్లతో పనే లేదు. పంక్చరైన చక్రానికే ఆనించి క్లాంపులు బిగించేవారు.

ఇప్పుడు అంత సులువు కాదు. నాలుగు బోల్టుల రిమ్ములో ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం కొలవాలి. 100 మిల్లీమీటర్లదీ 114.3దీ చూపుకు ఒకేలా ఉంటాయి. నడిమి రంధ్రం హబ్బుకు సరిపోవాలి.

అసలు చిక్కంతా నట్లతోనే. 12 మిల్లీమీటర్ల బోల్టుకే 1.25 త్రెడ్ ఉంటుంది, 1.5 కూడా ఉంటుంది. ఒకదాని నట్టు రెండోదానికి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. బిగిసిందనుకుని స్పానర్‌ను కాలితో తొక్కారో, త్రెడ్ పోయినట్టే. మేడ్చల్ దాటాక చక్రం ఊగితే బండిలో ఉన్నది పిల్లలు! మంచి నట్టు చివరిదాకా చేత్తోనే తిరుగుతుంది. దాని మొన ఏటవాలుగా ఉందా, గుండ్రంగా ఉందా అన్నదీ రిమ్ము గుంటను బట్టే. బండికి అల్లాయ్ చక్రాలు, స్టెప్నీ మాత్రం ఇనుపది అయితే దాని నట్లు విడిగా డబ్బాలో ఉంచుకోవాలి. చాలామంది మరిచేది ఇదే.

బయల్దేరేముందు ఇంటి దగ్గరే ఒకసారి ముందు, ఒకసారి వెనక బిగించి చూడండి. దారిలో మారిస్తే 50, 100 కిలోమీటర్ల మధ్య ఆగి స్పానర్ మళ్లీ వేయండి.