చేయి తుడుచుటకు చెట్టేల?

జనగామలో నొక ఫంక్షన్ హాలు. బంతిలో విస్తరి యెదుట నీళ్లసీసా, దాని ప్రక్కన గాజుగ్లాసులో పువ్వువలె మడిచి నిలిపిన తెల్లని టిష్యూ కాగితములు. భోజనము ముగించి చేయి కడిగికొని వచ్చిన పెద్దమనిషి తడిచేతితో నాలుగింటిని ఒక్కమారు లాగును. అవి వ్రేళ్లకంటి చినిగిపోగా మరి రెండింటిని లాగును. అంతయు ఉండచుట్టి డ్రమ్ములో వైచును. పది లెక్కించునంతలో పని ముగిసినది. ఆయన భుజముపై మాత్రము మంచి నూలుకండువా వ్రేలాడుచునే యున్నది.

నాలుగైదేండ్లు పెరిగిన జామాయిల మ్రానును నరికి, చిన్న పేళ్లుగా జేసి, కాస్టిక్ సోడాయు సోడియం సల్ఫైడును కలిసిన ద్రావణమున ఉడికించి, నారను పట్టియుంచు లిగ్నినును కరిగించి తొలగించి, క్లోరిన్ డయాక్సైడు వంటి రసాయనములతో తెల్లబరచి, పలుమార్లు నీట కడిగి, తుదకు ఆవిరితో కాగిన ఉక్కుసిలిండరుపై ఆరబెట్టినగాని యా మెత్తని పొర సిద్ధింపదు. ఇంతచేసినను మ్రాని బరువులో గుజ్జుగా మిగులునది ఇంచుమించు సగమే. పాతకాగితమునుండి చేసినచో చెట్టు దక్కునుగాని, నీటివ్యయమును ఇంధనవ్యయమును తప్పవు.

వ్రాసిన కాగితమును చిత్తుకాగితములవాని కమ్మినచో మిల్లు చేరి మరల కాగితమగును. టిష్యూ కాగితమున కా పునర్జన్మము లేదు. నూనెయు కూరయు నంటిన దానిని ఏ మిల్లును కొనదు. తడిచెత్తను పొడిచెత్తను వేరుచేయవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు శాసించినను, పెండ్లిచెత్త ప్లాస్టిక్ గ్లాసులతో గలిసి డంపింగ్ యార్డునకే పోవుచున్నది. గాలి చొరని గుట్టయడుగున కుళ్లిన కాగితము మీథేనును విడుచును. నూరేండ్ల లెక్కను ఆ వాయువు బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించునది. నిప్పుపెట్టినచో పొగ ఊరివారి పాలగును.

గుజ్జు పరిశ్రమ మన కపరిచితము కాదు. గోదావరి యొడ్డున ములుగు జిల్లా మంగపేట మండలమందు కమలాపురము కలదు. అచ్చట ఆంధ్రప్రదేశ్ రేయాన్స్ పేర వెలసి, పిమ్మట బల్లార్‌పూర్ సంస్థ చేతికి వచ్చిన కర్మాగారము, 2014లో ఉత్పత్తి నిలిచిపోవువరకు, కలపనుండి రేయాన్ గుజ్జును తీసెను. ఆ గుజ్జు దారమై, దారము వస్త్రమై, ఎవరి మేనిపైననో యేండ్లకొలది నిలుచునట్టిది. ఆ యంత్రములు ఆగినపుడు పనివారి కుటుంబములు పడిన యిక్కట్లను ఎరిగియుండి, ఆ పరిశ్రమయే పాపమని నేననజాలను. చెట్టు వస్త్రమగుటయు పుస్తకమగుటయు దాని త్యాగమునకు దగిన ఫలము; ఒక్క చేతితడికై చెత్తయగుట మాత్రము తగదు.

మహబూబాబాదును మనము నేటికిని మానుకోట యనియే పిలుచుకొందుము. మ్రానుల కోట యని పెద్దలు దాని కర్థము చెప్పుదురు. అట్లు చెట్టు పేర వెలసిన యూరున్న యీ సీమలోనే, జనగామ చుట్టుప్రక్కల నేల పత్తి పండించు నేల. కొడకండ్ల వంటి నేతయూళ్లును జనగామ జిల్లాలోనే కలవు. ఇట్టిచోట చేయి తుడుచుకొన గుడ్డ కరవైనదా? మా యమ్మమ్మ చివికిన చీరెను చింపి, అంచులు మడిచి కుట్టి, నాలుగు మసిగుడ్డలు చేసెడిది. వారమున కొకమారు వానిని సోడావేసిన నీట ఉడుకబెట్టి, దండెముపై ఎండవేసెడిది. ఒక్కొక్కటి యేడాది నిలిచెడిది. పత్తికిని నీరును పురుగుమందులును కావలెననుట నిజమే. అయినను పలుమార్లు ఉతికి వందలమార్లు వాడుకొను గుడ్డకును, ఒక్కమారు తుడిచి పారవేయు కాగితమునకును సాటి లేదు. అంటువ్యాధిభయముగల ఆసుపత్రులలో కాగితమే మేలందురేని నేనును అంగీకరింతును. పెండ్లిపందిరి ఆసుపత్రి కాదు.

పెండ్లి చేయు పెద్దలారా, రిటర్న్ గిఫ్టుగా ప్లాస్టిక్ డబ్బాకు బదులు అతిథికొక నూలుదస్తీ నిండు. అది నేతగానికి పనియగును, అతిథి జేబులో యేండ్లు నిలుచును. భోజనమునకు వచ్చువారలారా, గాజుగ్లాసులోని యా తెల్లపువ్వును అట్లే నిలువనిండు. మీ భుజముపై కండువా యున్నది.